80 హార్స్‌పవరా, 100 హార్స్‌పవరా? తిరుపతి ఎండల్లో తేలికపాటి విమానానికి ఏ ఇంజిన్ మేలు

రెండు సీట్ల తేలికపాటి విమానం కొనాలనుకునేవారూ, కిట్ తెప్పించి సొంతంగా కట్టుకోవాలనుకునేవారూ తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఆస్ట్రియా సంస్థ రోటాక్స్ తయారుచేసే ఇంజిన్లలో 80 హార్స్‌పవర్ 912 యూఎల్ తీసుకోవాలా, 100 హార్స్‌పవర్ 912 యూఎల్ఎస్ తీసుకోవాలా? విమానానికి ఏ ఇంజినుతో అనుమతి ఉందో ఆ ఇంజినే అమర్చాలి కాబట్టి, రెండింటిలో దేనితోనైనా ఎగరడానికి అనుమతి ఉన్న విమానాన్ని దృష్టిలో పెట్టుకొని మాత్రమే ఇక్కడ చర్చిస్తున్నాను.

పైకి చూస్తే రెండూ అన్నదమ్ముల్లాంటివే. నాలుగు సిలిండర్లు, నీటితో చల్లబడే హెడ్లు, గాలితో చల్లబడే బారెల్స్, విడిగా ఆయిల్ ట్యాంకు, రెండు కార్బురేటర్లు, రెండు ఇగ్నిషన్ సర్క్యూట్లు, ముందు భాగంలో వేగం తగ్గించే గేర్‌బాక్స్ రెండింటికీ ఉన్నాయి. యూఎల్ 1,211 సీసీతో 80 హార్స్‌పవర్ ఇస్తే, యూఎల్ఎస్ 1,352 సీసీతో 100 హార్స్‌పవర్ ఇస్తుంది. రెండూ ఆ గరిష్ఠ శక్తిని 5,800 ఆర్‌పీఎం వద్ద ఐదు నిమిషాల వరకే ఇవ్వగలవు, ఆ తరువాత 5,500కు దింపాలి. బరువులో తేడా ఒకటి రెండు కిలోలే. అందుకే చాలామంది, అదే బరువుకు ఇరవై హార్స్‌పవర్ అదనంగా వస్తుంటే ఎందుకు వదులుకోవాలని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది కనుక ముందు దానికే జవాబు చెప్పాలి.

రేణిగుంట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 107 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ కాసినప్పుడు అక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, ప్రామాణిక వాతావరణంలో సుమారు 1,100 మీటర్ల ఎత్తున ఉండే గాలితో సమానమవుతుంది. ఆ గాలిలో 100 హార్స్‌పవర్ ఇంజిన్ సుమారు 88, 80 హార్స్‌పవర్ ఇంజిన్ సుమారు 71 ఇస్తాయి. పలమనేరు, కుప్పం వైపు పీఠభూమి 650 నుంచి 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 38 డిగ్రీలున్నా గాలి 1,700 మీటర్ల ఎత్తు గాలిలా ప్రవర్తిస్తుంది, దాంతో పెద్ద ఇంజిన్ 82కూ, చిన్నది 66కూ పడిపోతాయి. అంటే పలమనేరు ఎండలో యూఎల్ఎస్ ఇచ్చేది, చల్లని రోజున సముద్రతీరంలో యూఎల్ ఇచ్చేంతే. ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకు, చిన్న మట్టి రన్‌వే, ఎదురుగా గుట్టలు ఉన్నచోట ఈ అంకెలను తేలిగ్గా తీసుకోకూడదు.

అయినా నేను ఈ ప్రశ్నను శక్తి వైపు నుంచి తేల్చను. ట్యాంకులో పోసే ఇంధనం ఏదో, ఆ ఇంధనంతో ఇంజిన్ నాకింగ్ (సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) లేకుండా ఎంత వేడిని తట్టుకోగలదో చూసి తేలుస్తాను. సిలిండర్లో గాలి, ఇంధన మిశ్రమాన్ని ఎన్నో వంతుకు అదుముతుందో చెప్పే కంప్రెషన్ నిష్పత్తి యూఎల్‌లో 9, యూఎల్ఎస్‌లో సుమారు 10.8. ఎక్కువ అదిమితే నాకింగ్ అవకాశం పెరుగుతుంది, దాన్ని ఇంధనం ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. అందువల్లే యూఎల్‌కు కనీసం 90 ఆక్టేన్ చాలునని, యూఎల్ఎస్‌కు కనీసం 95 కావాలని తయారీదారు నిర్దేశించాడు. మోటార్ సైకిల్‌లో నాకింగ్ వస్తే గట్టు ఎక్కేటప్పుడు టకటకమని చెవికి వినబడుతుంది, వెంటనే యాక్సిలరేటర్ వదులుతాం. విమానంలో ప్రొపెల్లర్ చప్పుడు, ఎగ్జాస్ట్ చప్పుడు, చెవులకు హెడ్‌సెట్ కలిసి ఆ శబ్దాన్ని పూర్తిగా కప్పేస్తాయి. పిస్టన్ పైభాగం తినేయబడే వరకు పైలట్‌కు సంకేతమే అందదు. లోపలికి వచ్చే గాలి వేడెక్కినా, హెడ్ వేడెక్కినా, తక్కువ ఆర్‌పీఎం వద్ద థ్రాటిల్ పూర్తిగా తెరిచినా నాకింగ్‌కు అవకాశం పెరుగుతుంది. మన ఎండలు మొదటి రెండింటినీ అడగకుండానే తెచ్చిపెడతాయి. ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వంపు కోణం) ఎక్కువగా పెట్టి ఫుల్ థ్రాటిల్‌లో 5,200 ఆర్‌పీఎం కూడా రాకుండా నడిపేవారు మూడోదాన్ని తామే తెచ్చుకుంటారు.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్ సంగతి. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోల్ ఇప్పుడు మామూలు పెట్రోల్‌గానే అమ్ముడవుతోంది. దాని ఆక్టేన్ 95 అని చదివి, యూఎల్ఎస్‌కు సరిపోతుందని సంతోషించేవారు ఒక విషయం గమనించాలి. బీఎస్-6 మామూలు పెట్రోల్ ఆక్టేన్ 91 మాత్రమే, మిగతాది ఇథనాల్ తెచ్చిపెట్టింది. 912 శ్రేణి ఇంజిన్లకు తయారీదారు అనుమతించిన ఇథనాల్ పరిమితి 10 శాతం. కాబట్టి అంకె సరిపోయినా ఆ పెట్రోల్ ఈ రెండు ఇంజిన్లలో దేనికీ పనికిరాదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెజిన్‌ను మెత్తబరుస్తుంది. వేడికి తొందరగా ఆవిరై గొట్టాల్లో బుడగలు కట్టడం ఎలాగూ ఉంది.

ఇథనాల్ ఎంతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో 10 గీత దాకా నీళ్లు పోసి, 100 గీత దాకా పెట్రోల్ నింపి, మూత బిగించి బాగా కుదిపి, నిలకడగా పది నిమిషాలు పెట్టాలి. ఇథనాల్ పెట్రోల్‌ను వదిలి నీళ్లలోకి దిగుతుంది కనుక అడుగున ఉన్న నీటి మట్టం పైకి జరుగుతుంది. గీత 10 దగ్గరే ఆగితే ఇథనాల్ లేనట్టు, 19 దగ్గరకు వస్తే 10 శాతం ఉన్నట్టు, 28 దాకా ఎక్కితే బంకులోని మామూలు పెట్రోల్ అన్నట్టు. ప్రతి క్యానుకూ ఈ పరీక్ష చేయనిదే ట్యాంకు మూత తీయకూడదని నా గట్టి అభిప్రాయం. ఇదే పద్ధతిలో నీళ్లతో కడిగి ఇథనాల్‌ను తీసేసి, మిగిలిన పెట్రోల్‌ను వాడుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. వాడుకోకూడదు. ఇథనాల్‌తోపాటు అది తెచ్చిన ఆక్టేనూ పోతుంది, మిగిలిన పెట్రోల్ ఎంత ఆక్టేన్‌కు పడిందో హ్యాంగర్‌లో తేల్చుకునే దారి లేదు. యూఎల్‌కే అది ప్రమాదం, యూఎల్ఎస్‌కు చెప్పనక్కర్లేదు.

ఇక మిగిలేవి రెండు దారులు: పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లో మాత్రమే దొరికే 100 ఆక్టేన్ పెట్రోల్‌ను పరీక్షించి వాడుకోవడం, లేదా చిన్న విమానాల పిస్టన్ ఇంజిన్లకు వాడే పెట్రోల్ అయిన ఏవీగ్యాస్ 100ఎల్ఎల్‌ను డ్రమ్ముల్లో తెప్పించుకోవడం. రేణిగుంటలో పెద్ద విమానాలకు పోసేది ఏటీఎఫ్ అనే జెట్ ఇంధనం, అది కిరోసిన్ జాతికి చెందినది కాబట్టి ఈ ఇంజిన్లకు విషంతో సమానం. ఇండియన్ ఆయిల్ 2022లో దేశంలోనే తయారుచేసిన ఏవీగ్యాస్‌ను విడుదల చేసింది కనుక దిగుమతి మీద ఆధారపడటం తగ్గింది. అయితే అందులో సీసం ఉంటుంది. నడిపే సమయంలో 30 శాతానికి మించి సీసం ఉన్న ఇంధనం వాడితే ఆయిల్‌ను 25 గంటలకే మార్చాలి, గేర్‌బాక్స్ తనిఖీని 1,000 గంటలకు బదులు 600 గంటలకే చేయాలి, పూర్తి సింథటిక్ ఆయిల్ వాడకూడదు, ఎందుకంటే అది సీసాన్ని తనలో పట్టి ఉంచలేక ఆయిల్ ట్యాంకు అడుగున బురదలా వదిలేస్తుంది. ఈ ఖర్చు రెండు ఇంజిన్లకూ సమానమే. కాని సరఫరా తప్పిపోయిన రోజున 91 ఆక్టేన్ ఉన్న, ఇథనాల్ పరిమితి దాటని పెట్రోల్ ఎక్కడైనా దొరికితే యూఎల్ యజమాని ఎగరగలడు, యూఎల్ఎస్ యజమాని హ్యాంగర్ తలుపు మూసుకోవాలి.

వేడి విషయంలోనూ చిన్న ఇంజినుకే ఎక్కువ వెసులుబాటు. సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత యూఎల్‌లో 150 డిగ్రీల వరకు, యూఎల్ఎస్‌లో 135 వరకు మాత్రమే అనుమతి. ఆయిల్ ఉష్ణోగ్రత పరిమితులు వరుసగా 140, 130. హెడ్‌కు బదులు కూలెంట్ ఉష్ణోగ్రతను కొలిచే కొత్త ఇంజిన్లలో 120 పరిమితి రెండింటికీ వర్తిస్తుంది. అయినా తక్కువ ఇంధనం మండించే ఇంజిన్ తక్కువ వేడి పుట్టిస్తుంది కనుక అదే రేడియేటర్, అదే ఆయిల్ కూలర్ యూఎల్‌ను సులభంగా చల్లబరుస్తాయి. రోహిణి కార్తెలో నిండు బరువుతో పైకెక్కుతూ ఆయిల్ సూదిని గమనించినవారికి ఈ పది డిగ్రీల విలువ తెలుస్తుంది.

అమర్చేటప్పుడు చేసే పని ఇంజిన్ ఎంపిక కన్నా ఎక్కువ తేడా చూపించే చోట్లు ఇక్కడే ఉన్నాయి. మొదటిది, కార్బురేటర్లకు గాలి ఎక్కడి నుంచి వస్తోందన్నది. కౌలింగ్ (ఇంజినును కప్పి ఉంచే తొడుగు) లోపలి వేడి గాలిని పీల్చే ఏర్పాటు యూరప్ చలికి సరిపోవచ్చు గాని మన దగ్గర అది బయటి గాలికన్నా ఇరవై ముప్పై డిగ్రీలు వేడిగా ఉండి, నాలుగైదు శాతం శక్తిని మింగేసి, నాకింగ్‌కు దారి తీస్తుంది. ఎయిర్‌బాక్స్ (కార్బురేటర్లకు గాలి అందించే పెట్టె) పెట్టి, బయటి గాలిని గొట్టం ద్వారా తెచ్చుకుంటే ఆ శక్తి తిరిగి వస్తుంది. రెండోది, కౌలింగ్ నుంచి గాలి బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారికన్నా పెద్దగా ఉండాలి, రేడియేటర్ చుట్టూ సందులు మూసేయాలి. చాలామంది ముందు రంధ్రాన్ని పెద్దది చేసుకుంటూ పోతారు, వెనుక దారి ఇరుకుగానే ఉంటుంది, సూది మాత్రం దిగదు. మూడోది, ఇంధనం తిరిగి ట్యాంకుకు పోయే రిటర్న్ లైన్. ఇంజిన్ ఆపిన తరువాత పావుగంటకు కౌలింగ్ లోపల వేడి అత్యధికంగా ఉంటుంది, ఆ సమయంలో మళ్లీ స్టార్ట్ చేసి టేకాఫ్‌కు వెళ్లేవారికి గొట్టాల్లో ఆవిరి కట్టకుండా కాపాడేది ఆ లైనే. విమానాన్ని ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా నిలిపి, కౌలింగ్ మీద ఆయిల్ చూసుకునే చిన్న తలుపు తెరిచి ఉంచినా ఎంతో మేలు.

ఆయిల్ ట్యాంకు ఎత్తు కూడా చూసుకోవాలి. ట్యాంకులోని ఆయిల్ మట్టం ప్రొపెల్లర్ షాఫ్టుకన్నా పైన ఉంటే, నిలిపి ఉంచిన రోజుల్లో ఆయిల్ మెల్లగా ఇంజినులోకి దిగిపోతుంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఆయిల్ పీల్చుకోవడం ద్వారానే వస్తుంది కాబట్టి ఆ గొట్టాలు సన్నగా, వంకరలతో ఉండకూడదు. ఈ పనులు రెండు ఇంజిన్లకూ ఒకటే. కాని వీటిలో చిన్న లోపం మిగిలిపోయినా యూఎల్ భరిస్తుంది, యూఎల్ఎస్ భరించదు.

స్టార్టింగ్‌లోనూ అంతే. ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజినును బలహీనమైన బ్యాటరీతో తిప్పితే వెనక్కి తన్నుతుంది, ఆ దెబ్బ గేర్‌బాక్సు మీదా స్టార్టర్ క్లచ్ మీదా పడుతుంది. కార్బురేటర్లు రెండూ సమానంగా తెరుచుకోకపోతే తక్కువ వేగంలో గేర్‌బాక్స్ గలగలలాడుతుంది. వాక్యూమ్ గేజీలతో వాటిని సరిచేసే మెకానిక్ మనకు పక్క వీధిలో దొరకడు కనుక, ఆ పని యజమాని స్వయంగా నేర్చుకొని తీరాలి. క్రూయిజ్‌లో, అంటే ఒకే ఎత్తున నిలకడగా ఎగిరేటప్పుడు, యూఎల్ఎస్ 75 శాతం శక్తి వద్ద గంటకు సుమారు 18.5 లీటర్లు తాగుతుంది, యూఎల్ రెండు మూడు లీటర్లు తక్కువ తాగుతుంది. డ్రమ్ముల్లో ఇంధనం తెప్పించుకునేవారికి ఇదీ చిన్న సంగతి కాదు.

మన దేశమే చేసిన ఎంపిక ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. వైమానిక దళం, నౌకాదళం, ఎన్‌సీసీల కోసం 2015లో స్లొవేనియాకు చెందిన పిపిస్ట్రెల్ సంస్థతో 194 వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 విమానాలకు ఒప్పందం కుదిరింది. వాటిలో ఉన్నది 80 హార్స్‌పవర్ ఇంజినే. ఆ విమానం గాలిని చాలా సాఫీగా చీల్చుకుపోయే రూపం కలది కనుక ఆ శక్తి దానికి చాలింది. రాడ్లు, తీగలు బయటికి కనిపించే నెమ్మది విమానాలకు అదే ఉదాహరణను చూపించలేం.

మిగతా ఇంజిన్ల గురించి అడిగినవారికి క్లుప్తంగా చెబుతాను. ఇంధనాన్ని ఇంజెక్షన్‌తో అందించే 912 ఐఎస్ మంచి ఇంజిన్, బెంగళూరులోని జాతీయ ఏరోస్పేస్ పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ తన హంస-ఎన్‌జీ శిక్షణ విమానానికి ఆ కుటుంబం ఇంజినునే ఎంచుకుంది, కాని దానికీ 95 ఆక్టేన్ కావాలి, బరువూ ఖర్చూ ఎక్కువ. గేర్‌బాక్స్ లేకుండా పూర్తిగా గాలితోనే చల్లబడే ఆస్ట్రేలియా జాబిరు 2200 సరళమైనదే గాని, 2014 డిసెంబరులో ఆ దేశపు విమానయాన భద్రతా సంస్థ జాబిరు ఇంజిన్లపై విధించిన పరిమితుల నేపథ్యమూ, మన ఎండలో హెడ్లను చల్లగా ఉంచే కష్టమూ చూసి నేను సిఫారసు చేయను. జపాన్ హెచ్‌కేఎస్ 60 హార్స్‌పవర్ ఇంజిన్ ఒక్కరు ఎగిరే విమానానికి చాలు, కాని దాని తయారీ ఆగిపోయింది.

కనుక రేణిగుంట, శ్రీకాళహస్తి, చిత్తూరు వైపు పల్లపు నేలల్లో, పొడవైన రన్‌వే ఉన్నచోట, ఉదయం పది లోపల ఎగరడానికి అలవాటుపడగలిగినవారు యూఎల్ తీసుకోవాలని నా సలహా. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు ఎత్తు నేలల్లో, చిన్న రన్‌వే నుంచి ఇద్దరితో ఎగరక తప్పనివారు యూఎల్ఎస్ తీసుకోవచ్చు. అయితే ముందు ఏవీగ్యాస్ ఏడాది పొడవునా ఎవరు, ఎక్కడి నుంచి, ఎన్ని డ్రమ్ములు ఇస్తారో కాగితం మీద తేల్చుకున్నాకే డబ్బు కట్టాలి. బయటి గాలి తెచ్చే ఎయిర్‌బాక్సునూ, పెద్ద ఆయిల్ కూలర్‌నూ ఇంజినుతోపాటే ఆర్డరు చేయాలి. నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో 5,200 ఆర్‌పీఎం దాటేలా ప్రొపెల్లర్ పిచ్ సరిచేసి, ఆ అంకెను లాగ్‌బుక్కులో రాసుకున్న తరువాతే మొదటి టేకాఫ్‌కు సిద్ధపడాలి.