ఖాతాలో డబ్బా, బస్తా మీద రాయితీయా, పంటకు ధరా? కౌలు రైతుకు ఏది మేలు?

మా పెదనాన్నది ప్రత్తిపాడు వైపు ఊరు. సొంతంగా సెంటు భూమి లేదు. నాలుగు ఎకరాల నల్లరేగడి కౌలుకు తీసుకుని మిర్చి వేస్తాడు. భూమి యజమాని హైదరాబాదులో ఉంటారు. రైతుకు ప్రభుత్వం ఇచ్చేవాటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఇద్దరే. సాయం ఎంత అన్నదానికన్నా అది ఎవరి చేతికి వెళ్తుందన్నదే నాకు ముఖ్యం.

మొదటిది ఖాతాలో పడే డబ్బు. పీఎం కిసాన్ కింద కేంద్రం ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో ఇస్తుంది. 2025 ఆగస్టులో మళ్లీ మొదలైన అన్నదాత సుఖీభవతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన వాటా కలిపి దాన్ని 20,000 చేసింది. దళారీ లేడు, నేరుగా బ్యాంకుకే వస్తుంది. కానీ పీఎం కిసాన్ చూసేది పాసు పుస్తకాన్ని, పొలంలో ఎవరున్నారన్నది కాదు. కౌలు రైతుకు అందులో పైసా రాదు. రాష్ట్రం వాటా కావాలంటే సాగు హక్కు పత్రం ఉండాలి. 2019 చట్టం ప్రకారం అది 11 నెలలకే చెల్లుతుంది, దాని మీద యజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం దగ్గరే పని ఆగిపోతుంది. రేపు భూమి మీద హక్కు అడుగుతారేమోనని యజమానులకు భయం. పత్రం భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని చట్టంలోనే రాసి ఉన్నా నమ్మరు.

రెండోది ఎరువు మీద రాయితీ. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చు దీనికన్నా చాలా ఎక్కువ, ఆ తేడాను కేంద్రం కంపెనీకి కడుతుంది. దుకాణంలో మిషన్ మీద వేలిముద్ర వేసి కొనుక్కోవచ్చు, మామూలుగా పొలం ఎవరిదని అడగరు. కాబట్టి కౌలు రైతుకు అన్నిటికన్నా తేలిగ్గా అందేది ఇదే. అయితే ఎక్కువ ఎకరాలున్నవాడికి ఎక్కువ బస్తాలు, ఎక్కువ రాయితీ. చవకని యూరియా అతిగా చల్లడం వల్ల నేలకు జరిగే నష్టం వేరే.

మూడోది ధర. నా మొగ్గు దీనికే, లెక్క చూడండి. ఎకరాకు 20 క్వింటాళ్ల మిర్చి దిగుబడి వచ్చిందనుకుందాం. మార్కెట్ యార్డులో క్వింటాకు 1,000 రూపాయలు తగ్గితే ఒక్క ఎకరంలోనే 20,000 పోతుంది. అంటే ఏడాది పథకం డబ్బు అంతా. నాలుగు ఎకరాలకు 80,000. పైగా కౌలు, కోత కూలి ధరతో పాటు తగ్గవు. వరికి, పత్తికి మద్దతు ధర ఉంది, మిర్చికి లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ఖరారు చేసింది. అదీ పంటంతటికీ కాదు, కొంత భాగానికే. అప్పటికే అప్పుల వాళ్లకు కట్టాలని మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్మేసుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

ధర సాయమైనా, తుపాను నష్టపరిహారమైనా ఈ-క్రాప్‌లో, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం చేసే నమోదులో, ఎవరి పేరు ఉంటే వాళ్లకే. అందుకే పెదనాన్నలాంటి వాళ్లకు నేను చెప్పేది ఒకటే: పథకాల జాబితా కన్నా ముందు ఈ-క్రాప్‌లో మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఇదే. సాగు చేసేవాడిని గుర్తించడానికి యజమాని సంతకం ఎందుకు? పొలానికి వచ్చి పంట ఫోటో తీసే సిబ్బంది ఎలాగూ ఉన్నారు, గట్టు పక్క రైతులిద్దరు సాక్ష్యం చెబితే సరిపోదా?

ఈసారి కౌలు డబ్బు చేతిలో పెట్టకముందే సంతకం మాట తేల్చుకోమని పెదనాన్నకు చెప్పాను. "అడిగితే పొలం ఇంకొకరికి ఇస్తారేమోరా" అన్నాడు.