కొండపల్లి ఎక్కాలా, కొండవీడు ఎక్కాలా?

బెజవాడలో ఉండేవాళ్లకి కొండపల్లి దగ్గర. పొద్దున్నే బయల్దేరితే భోజనం వేళకి ఇల్లు చేరొచ్చు. రెండూ 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు ఏలిన కోటలే. కొండపల్లిలో గజశాల, నర్తనశాల చూసి గట్టు అంచుకి వస్తే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టు ఈ అడవిదే. దిగాక బొమ్మల కాలనీలో ఒక ఏనుగు అంబారీ కొనుక్కోండి, చేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు.

నా మనసు మాత్రం కొండవీడు మీదే. గుంటూరు నుంచి వెళ్లాలి. ఘాట్ రోడ్డుంది, అయినా మెట్లదారి పట్టండి. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న రాజధాని ఇది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. పైన మూడు చెరువులు. అంత ఎత్తున, కూలిన గోడల పక్కన నీళ్లు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. బురుజు రాళ్ల సందుల్లో సీతాఫలం చెట్లు మొలిచి ఉంటాయి. గాలి జోరుకి టోపీ నిలవదు.

చిన్నపిల్లలుంటే కొండపల్లి. నడవగలిగితే కార్తీకంలో, రెండు సీసాల నీళ్లతో కొండవీడు. ఎండాకాలం రెండూ వద్దు, రాయి కాలిపోతుంది.