తోక వద్దని కొన్న మౌస్‌కి చివరికి తోకే తగిలించాను

ఈ వైర్‌లెస్ మౌస్ కొని ఆరు నెలలైంది, ఇప్పుడు రాస్తేనే న్యాయంగా ఉంటుంది. మొదటి వారంలో రాసుంటే అయిదు స్టార్లు ఇచ్చేసేవాణ్ణి. రెండో వారంలో అయితే ఒక్కటి, అదీ సున్నా ఇచ్చే వీలు ఉండదు కాబట్టి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నన్ను ఏడిపించిన సమస్య ఈ ఒక్క మౌస్‌ది కాదు, యూఎస్‌బీ డాంగిల్‌తో (మౌస్ మాట వినడానికి కంప్యూటర్‌కి గుచ్చే చిన్న ముక్క) నడిచే ఏ మౌస్‌కైనా రావచ్చు. ఎవరో ఒకరు ముందే చెప్పుంటే నాకు పది రోజుల విసుగు తప్పేది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పాత వైర్ మౌస్ బాగానే పనిచేసేది కానీ వైరు ఎప్పుడూ బల్ల అంచుకో, ల్యాప్‌టాప్ మూలకో తగులుకుని సరిగ్గా గురి చూసి నొక్కే టైముకి వెనక్కి లాగేది. దానికి తోడు ఎడమ బటన్‌కి డబుల్ క్లిక్ జబ్బు పట్టింది. ఫోల్డర్‌ని ఒకసారి నొక్కి ఎంచుకుందామంటే తెరుచుకునేది, ఫైల్ పట్టుకుని లాగుతుంటే దారిలో ఎక్కడో వదిలేసేది. లోపలుండే చిన్న స్విచ్ అరిగిపోతే అంతేనట. ఇక చాలు, ఈసారి వైరు లేనిదే కొందామనుకున్నాను.

పెట్టె విప్పగానే మొదటి పరీక్ష, డాంగిల్ ఎక్కడ? మౌస్ ఉంది, ఒక బ్యాటరీ ఉంది, చీమల్లాంటి అక్షరాలతో పదిహేను భాషల కాగితం ఉంది, డాంగిల్ మాత్రం లేదు. అట్టపెట్టె తలకిందులు చేసి దులిపాను, చెత్తబుట్టలో వేసిన కవర్ మళ్లీ తీసి చూశాను, పార్ట్ రాలేదని కంప్లైంట్ కూడా సగం టైప్ చేశాను. తీరా బ్యాటరీ వేద్దామని కింద మూత తీస్తే, బ్యాటరీ పక్కన చిన్న గూట్లో బుద్ధిగా కూర్చుని ఉంది, చిటికెన వేలి గోరంత ముక్క. కాబట్టి కంప్లైంట్ పెట్టే ముందు ఆ మూత తీసి చూడండి. కొన్ని మౌస్‌లలో బ్యాటరీ ముందే వేసి, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పట్టీ పెడతారు, అది లాగేదాకా కరెంటు అందదు. అడుగున ఆన్, ఆఫ్ స్విచ్ కూడా ఉంటుంది. అది ఆన్‌లో పెట్టినా అడుగున ఏ లైటూ వెలగకపోవడంతో మౌస్ పోయిందనుకున్నాను. పాత మౌస్‌లో ఎర్రగా వెలిగేది కదా. ఇందులో ఉన్నది ఇన్‌ఫ్రారెడ్, మన కంటికి కనిపించదు, అంతే. డాంగిల్ గుచ్చాక ఏ సాఫ్ట్‌వేరూ అడగలేదు, నాలుగైదు సెకన్లలో బాణం కదిలింది.

ఇక అసలు గొడవ. రెండో వారంలో ఒకరోజు పాత ఫొటోలన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ పెట్టి, ఈలోపు వేరే పని చేసుకుందామనుకున్నాను. మౌస్ పిచ్చిపట్టినట్టు చేసింది. బాణం కాసేపు కదలదు, తర్వాత ఒక్కసారి అర స్క్రీన్ దూరం దూకుతుంది, క్లిక్ చేస్తే రెండు క్షణాల తర్వాత ఎక్కడో పడుతుంది. కొత్త బ్యాటరీ వేశాను. మౌస్ కింద నోట్‌బుక్ పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే బాగైపోయింది, సంతోషించాను, మర్నాడు మళ్లీ అదే తంతు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "బ్యాటరీ మార్చి చూశారా సార్, రీస్టార్ట్ చేశారా సార్" అని రెండే ప్రశ్నలు మూడుసార్లు అడిగారు. వెనక్కి పంపించేద్దామని పెట్టె కూడా వెతికి పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం కాపీ నడుస్తుండగానే విసుగొచ్చి హార్డ్ డిస్క్ వైరు పీకేశాను (అలా పీకకూడదు, తెలుసు). అంతే, బాణం వెన్నలా కదిలింది. మళ్లీ గుచ్చి కాపీ పెట్టాను, మళ్లీ నత్తి. మూడుసార్లు అలాగే చేసి చూశాక అనుమానం తీరిపోయింది, దొంగ మౌస్ కాదు, పక్కింటివాడు. నా ల్యాప్‌టాప్‌కి కుడి వైపు రెండు పోర్టులు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాంట్లో డాంగిల్, దాన్ని ఆనుకుని హార్డ్ డిస్క్. ఈ డాంగిల్ మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీద. నా హార్డ్ డిస్క్ లాంటి యూఎస్‌బీ 3.0 (వేగం ఎక్కువుండే రకం) పరికరం జోరుగా డేటా పంపుతున్నప్పుడు దాని ప్లగ్గు, వైరు దగ్గర పుట్టే రేడియో రొద ఆ 2.4 ప్రాంతంలో కూడా పడుతుంది. మౌస్ చెప్పేది పాపం ఆ హోరులో డాంగిల్‌కి వినపడదు. ఇది నా సొంత కనిపెట్టుడేమీ కాదు, 2012లోనే ఇంటెల్ కంపెనీ దీని మీద ప్రత్యేకంగా ఒక పత్రం రాసి పెట్టింది. ఇన్నేళ్లయినా నా మౌస్ పెట్టెలో వేసిన కాగితంలో ఒక్క వాక్యం లేదు, అదే నా బాధ.

మందు చాలా చిన్నది. డాంగిల్‌ని హార్డ్ డిస్క్‌కి దూరంగా పెట్టాలి, అంతే. ఎడమ వైపు పోర్టుకి మారిస్తే చాలావరకు తగ్గింది, కానీ మౌస్ కుడి వైపు, డాంగిల్ ఎడమ వైపు, మధ్యలో ల్యాప్‌టాప్ ఒళ్లు అడ్డం, అప్పుడప్పుడు ఇంకా తడబడేది. చివరికి జానెడు కంటే కొంచెం పొడవున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి, దాని చివర డాంగిల్ పెట్టి, మౌస్ ప్యాడ్ పక్కన పడేశాను. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. తోక వద్దని కొన్న మౌస్‌కి నేనే తోక తగిలించానన్నమాట. డెస్క్‌టాప్ వాడేవాళ్లు డాంగిల్‌ని డబ్బా వెనకాల గుచ్చి, ఆ డబ్బాని బల్ల కింద పెట్టి, మౌస్ బాగోలేదని తిట్టుకుంటుంటారు. వాళ్లకీ ఇదే వైరు, ఇదే మందు.

ఇంకో రకం నత్తి కూడా ఉంది, దీన్ని దాంతో కలపకండి. కాసేపు వాడకుండా వదిలేసి మళ్లీ ముట్టుకున్నప్పుడు మొదటి క్షణం కదలకపోతే అది మౌస్ నిద్ర, బ్యాటరీ మిగల్చడానికి. మా అమ్మకి ఇది అస్సలు నచ్చలేదు. "ఏరా, నీ మౌస్ మళ్లీ పడుకుంది" అని వంటింట్లోంచి వచ్చినప్పుడల్లా కేకేసేది. "ఒక్కసారి నొక్కమ్మా, లేస్తుంది" అంటే, "వైరున్నది ఎప్పుడూ పడుకునేది కాదు" అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయితే విండోస్ కూడా పవర్ ఆదా కోసం యూఎస్‌బీ పోర్టుని నిద్రపుచ్చుతుంది, అది మాత్రం ఆపుకోవచ్చు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఉన్న టిక్ తీసేస్తే సరి.

ఈ మౌస్‌లో బ్లూటూత్ కూడా ఉంది. అడుగున చిన్న బటన్ మూడు సెకన్లు నొక్కిపట్టుకుంటే లైటు గబగబా కొట్టుకుంటుంది, అప్పుడు కంప్యూటర్‌లో బ్లూటూత్ లిస్టులో దాని పేరు ఎంచుకోవాలి. డాంగిల్ ఒకదానికి, బ్లూటూత్ ఇంకోదానికి పెట్టుకుని రెండు కంప్యూటర్లు ఒకే మౌస్‌తో నడుపుతున్నాను, ఇది నిజంగా హాయి. మధ్యలో ఒకసారి కనెక్ట్ అవనని మొండికేసింది, లిస్టులోంచి పాత పేరు తీసేసి మళ్లీ మొదటి నుంచి కలిపితే దారికొచ్చింది. కానీ బ్లూటూత్ మీదే పూర్తిగా ఆధారపడకండి. నిద్ర లేవడానికి డాంగిల్ కంటే ఇంకొంచెం ఎక్కువ సేపు తీసుకుంటుంది, పైగా కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు వచ్చే బయోస్ స్క్రీన్‌లో మామూలుగా పనిచేయదు, విండోస్ వచ్చాకే దానికి ప్రాణం వస్తుంది. డాంగిల్ అయితే అక్కడ కూడా నడిచింది.

సెట్టింగ్స్‌లో నేను మార్చినవి రెండే. విండోస్‌లో మౌస్ సెట్టింగ్స్‌కి వెళ్లి, అడిషనల్ సెట్టింగ్స్‌లో పాయింటర్ ఆప్షన్స్ అనే చోట "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అని ఒక టిక్ ఉంటుంది. పేరు చూస్తే మంచి చేసేలా ఉంది కానీ, అది చేసేదల్లా మనం చెయ్యి ఎంత వేగంగా కదిపితే బాణాన్ని అంత ఎక్కువ దూరం తోయడం. మూలనున్న ఇంటూ గుర్తు మీదకి వెళ్దామని చెయ్యి విసిరితే దాటిపోతుంది, వెనక్కి మెల్లగా వస్తే సగంలోనే ఆగుతుంది. అది తీసేశాక రెండు రోజులు అలవాటవలేదు, మూడో రోజు నుంచి చెయ్యి చూడకుండానే చోటుకి వెళ్తోంది. రెండోది డీపీఐ. ఇందులో 1000, 1600 రెండు మెట్లున్నాయి, చక్రం వెనకున్న బటన్‌తో మారతాయి. 1000 అంటే మౌస్ అంగుళం కదిలితే బాణం 1000 చుక్కలు కదులుతుంది, అంటే 1920 చుక్కల వెడల్పున్న మామూలు స్క్రీన్ దాటడానికి సుమారు రెండు అంగుళాలు చాలు. 3840 వెడల్పున్న 4కే మానిటర్‌కి దాదాపు నాలుగు అంగుళాలు కావాలి, అందుకే అక్కడ 1600 పెట్టుకున్నాను. పెట్టె మీద వేలల్లో రాసిన డీపీఐ చూసి మోసపోకండి, ఆఫీసు పనికి అంత అక్కర్లేదు.

బ్యాటరీ ఒక్కటే, ఏఏ సైజు. ఆరు నెలల్లో ఇంతవరకు మార్చే అవసరం రాలేదు (నత్తి టైములో అనవసరంగా మార్చింది తప్ప). ఊరికే సరదాకి రీచార్జబుల్ సెల్ వేసి చూస్తే, ఫుల్ చార్జ్‌లో ఉన్నా బ్యాటరీ అయిపోవచ్చిందని ఎర్ర లైటు చూపించింది. మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జబుల్‌ది 1.2, లెక్క మొదటిదాని ప్రకారం వేసుకుంటోంది కాబట్టి బెదిరిపోతోంది. మౌస్ మాత్రం నిక్షేపంగా నడిచింది. బ్యాగులో వేసుకెళ్లేటప్పుడు అడుగు స్విచ్ ఆఫ్ చేయండి, లేకపోతే బ్యాగులో కుదుపులకి బటన్లు నొక్కుకుంటూ దారంతా మేలుకునే ఉంటుంది.

అద్దం బల్ల మీద ఇది పనిచేయదు, ముందే చెప్తున్నాను. అడుగునున్న సెన్సర్ నిజానికి చిన్న కెమెరా, సెకనుకి వేలసార్లు బల్లని ఫొటో తీసి ముందు ఫొటోకి ఇప్పటిదానికి తేడా చూసి ఎటు కదిలామో లెక్కేస్తుంది. అద్దంలో దానికి పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. ఒక తెల్ల కాగితం వేసినా చాలు.

చేతిలో ఎలా ఉందంటే, నా చెయ్యి పెద్దది, ఇది కొంచెం చిన్నగా అనిపిస్తుంది, ఉంగరం వేలు బల్లకి రాసుకుంటుంది. క్లిక్ చప్పుడు దాదాపు లేదు, రాత్రి పూట ఇంట్లో వాళ్లు పడుకున్నాక వరం. చక్రం మాత్రం కాస్త బిరుసు. పక్కనున్న రెండు బటన్లు బ్రౌజర్‌లో వెనక్కి, ముందుకి వెళ్లడానికి, వీటికి అలవాటు పడ్డాక అవి లేని మౌస్ పట్టుకుంటే బొటనవేలు ఊరికే వెతుక్కుంటోంది. చక్రాన్ని కిందకి నొక్కితే లింక్ కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, ట్యాబ్ మీద నొక్కితే మూసుకుపోతుంది, ఇది ఏ మౌస్‌లోనైనా ఉన్నదే కానీ చాలామందికి తెలియదు.

నిజంగా భయపెట్టేది ఒక్కటే. డాంగిల్ పోతే విడిగా దొరకదన్నారు, దానికి ఈ మౌస్‌తోనే జోడీ. పోయిందంటే ఇక బ్లూటూత్‌తో సరిపెట్టుకోవాలి. కాబట్టి పని అయ్యాక దాన్ని బ్యాటరీ పక్క గూట్లోనే పెట్టండి, జేబులో వద్దు. ఇంకా కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో టైప్ సీ పోర్టులే ఉంటున్నాయి, ఈ డాంగిల్ పాత పెద్ద పోర్టుది, అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి, అది కూడా చూసుకోండి.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్క స్టారు తగ్గించింది డాంగిల్ తడబడినందుకు కాదు, ఆ జానెడు ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టెలోనే వేయనందుకు. ఇది రాస్తుండగా పక్కన హార్డ్ డిస్క్ కాపీ నడుస్తూనే ఉంది, ఇంకా నలభై నిమిషాలంటోంది, బాణం మాత్రం చక్కగా చెప్పిన చోటికి వెళ్తోంది.