ఇసుక తోటలో పొడుగు స్వింగ్ ఆర్మ్ బండి: చాన్నాళ్ళు వాడాక

పాత స్ప్లెండర్‌కి వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ని నాలుగు అంగుళాలు పొడిగించి, పొడుగు చైన్ వేసి, శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా కొబ్బరి తోటలో వాడుతున్నాను. తీసేసే ఆలోచన లేదు. అలాగని అడిగినవాళ్ళందరినీ చేయించుకోమనీ చెప్పను.

మా ఉద్దానం ఇసుక నేల సంగతి ఈ పక్కవాళ్ళకి తెలిసిందే. వాన పడితే గట్టిగా ఉంటుంది, ఎండ ముదిరితే టైరు సగం దాకా దిగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి పెద్ద చెట్లు పడిపోయాక మళ్ళీ మొక్కలు వేశాం. అందుకే ట్రాక్టరు లోపలికి రానివ్వను. దింపిన కాయలు కళ్ళం దాకా చేరాలంటే బండే గతి. క్యారియర్ మీద రెండు బస్తాలు వేస్తే బరువంతా వెనక యాక్సిల్‌కి (చక్రం ఇరుసుకి) అవతల పడేది. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రం లేచిపోయి హ్యాండిల్ చేతిలో ఉన్నా లేనట్టే ఉండేది. యాక్సిల్ వెనక్కి జరిగాక బస్తాలు దాని మీదకి వచ్చాయి. పొడిగింపు వల్ల అసలు లాభం ఇదే.

పట్టు పెరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మంచు దేశాల్లో బెల్టుతో నడిచే స్నోమొబైల్‌కి 121 అంగుళాల ట్రాక్ (ఆ బెల్టు) తీసి 136, 144 అంగుళాలవి వేసుకుంటారు. అక్కడ నేలకి ఆనే బెల్టు పొడవు పెరుగుతుంది కాబట్టి బండి మంచులో కూరుకుపోకుండా తేలుతుంది. మన బండికి ఆ లాభం రాదు, నేలకి ఆనేది అదే టైరు. పైగా ముందు చక్రం మీద బరువు పెరిగి, మెత్తటి ఇసుకలో అది దున్నుకుంటూ పోతుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే నయం.

అసలు తలనొప్పి షాక్‌లతో (షాక్ అబ్జార్బర్లతో). స్వింగ్ ఆర్మ్ ఫ్రేమ్‌కి బిగిసి ఆడే చోటు, అంటే పివట్ నుంచి యాక్సిల్‌కి 16 అంగుళాలు, షాక్ కింది బోల్టు యాక్సిల్ దగ్గరే ఉందనుకోండి. నాలుగు కలిపితే యాక్సిల్ 20 దగ్గరికి పోతుంది. బోల్టు 16 దగ్గరే ఉండిపోతే చక్రానికి లివర్ దొరికినట్టే. ఐదింట నాలుగు వంతులే కదా, షాక్ అంతే మెత్తబడుతుందిలే అనుకుంటాం. కానీ స్ప్రింగ్ మీద పడే బలమూ మారుతుంది, అది నొక్కుకునే దూరమూ మారుతుంది. అందుకే ఐదింట నాలుగు వంతుల్ని మళ్ళీ ఐదింట నాలుగు వంతులతో హెచ్చించాలి. అంటే చక్రం దగ్గర పాత గట్టిదనంలో నూటికి 64 పాళ్ళే మిగులుతుంది. బస్తాలు వేస్తే టైరు మడ్‌గార్డ్‌కి తగులుతుంది, అంతే.

కింది బోల్టుని కూడా నాలుగు అంగుళాలు వెనక్కి జరిపితే సరిపోతుంది కదా అని నేనూ అడిగాను. పైబోల్టు ఫ్రేమ్‌లో ఉంది, అది కదలదు. అప్పుడు షాక్ బాగా వాలిపోయి, సీటు దిగిపోయి, వాలిన కొద్దీ మళ్ళీ మెత్తబడుతుంది. మధ్యేమార్గంగా బోల్టు రెండు అంగుళాలు జరిపించి, అదే పొడుగులో గట్టి స్ప్రింగులున్న షాక్‌లు వేయించాను. ఇప్పుడు బరువుతో బాగుంది. ఒట్టి బండి మీద వెళ్తే మాత్రం నడుం చెబుతుంది.

వెల్డింగ్ పని ఇచ్ఛాపురంలో ఒక లేత్ షాపులో చేయించాను. మేస్త్రి చూసి, "ఏటి బాబూ, దీన్ని రైలు సేసేద్దామనా?" అన్నాడు గానీ పని శ్రద్ధగా చేశాడు. గొట్టాన్ని కోసి ముక్కకి ముక్క ఆనించి వెల్డింగ్ పెడితే ఆ గీత దగ్గరే విరుగుతుంది. లోపల బిగువుగా ఇంకో గొట్టం దూర్చి, పైన ఏటవాలు పట్టీలు వేయాలి. నీళ్ళ పైపులకి వాడే జీఐ గొట్టం తెస్తే వద్దనండి. దాని మీద జింక్ పూత ఉంటుంది, వెల్డింగ్‌లో ఆ పొగ మంచిది కాదు, అతుకూ సరిగా కుదరదు. రెండు పక్కలా పొడవు సమానంగా ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా కూర్చుని, చైన్ తిరిగే పళ్ళ చక్రం (స్ప్రాకెట్) పళ్ళు ఒక పక్కే అరుగుతాయి. రెండు టైర్ల పక్కన దారం లాగి చూస్తే వంకర వెంటనే తెలిసిపోతుంది. సముద్రపు గాలికి లోపలి నుంచి తుప్పు పడుతుంది కాబట్టి రెడ్ ఆక్సైడ్ కొట్టించి, కింద నీరు దిగడానికి చిన్న చిల్లు పెట్టించాను.

చైన్ 428 రకం, లింకుకి 12.7 మిల్లీమీటర్లు. నాలుగు అంగుళాలకి పైన ఎనిమిది, కింద ఎనిమిది, మొత్తం పదహారు లింకులు ఎక్కువ కావాలి. చైన్, స్ప్రాకెట్లు కలిపి అమ్మే కిట్‌తో వచ్చే చైన్ చాలదు. పాత చైన్‌కి కొత్త ముక్క అతికించవద్దు. అరిగినదీ అరగనిదీ ఒకే పంటి మీద సరిగా కూర్చోవు. పొడవు పెరిగాక కింది వరస ఊగి స్వింగ్ ఆర్మ్‌కి కొట్టుకుంటుంది, రబ్బరు పట్టీ తప్పనిసరి. బిగువు చూసేటప్పుడు బండిని బరువుతో దించి, ముందు స్ప్రాకెట్, పివట్, యాక్సిల్ ఒక గీతలోకి వచ్చినప్పుడు చూడాలి. చైన్ ఎక్కువ బిగిసేది అప్పుడే. చైన్ కవర్‌ని రేకుతో పొడిగించాను. అయినా ఇసుక దూరుతుంది. ఈ బండికి చైన్ ఖర్చు మామూలు కంటే ఎక్కువే, అది ఒప్పుకుని దిగాలి. బ్రేకు రాడ్డు, డ్రమ్ముని పట్టి ఉంచే టార్క్ రాడ్డు కూడా పొడిగించాలి. రెండో దాన్ని చాలామంది మరిచిపోతారు, అది సరిగా లేకపోతే బ్రేకు వేసినప్పుడు డ్రమ్ము ప్లేటు తిరిగిపోతుంది. స్పీడోమీటరు కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు.

రోడ్డు మీదకి మాత్రం దీన్ని తీయను. వీల్‌బేస్, అంటే రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం, ఆర్‌సీలో రాసి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్ళు ముందు పట్టుకునేది కూడా దాన్నే. కళ్ళం నుంచి కంచిలి దాకా కాయలు ఆటోలోనే పోతాయి.

మలుపు పెద్దదైంది. చెట్ల వరసల మధ్య పరవాలేదు, పాతిక అడుగుల ఎడం ఉంటుంది. కంచె సందుల్లో మాత్రం దిగి వెనక్కి లాగాల్సి వస్తుంది. మా బావమరిది తన బండికి ఆరు అంగుళాలు కావాలంటున్నాడు. వాడిది పలాస వైపు జీడి తోట, నేల గట్టిది, వాడు మోసేదీ ఒక్క బస్తాయే. స్వింగ్ ఆర్మ్ ముట్టుకోకుండా గట్టి షాక్‌లు మాత్రం వేయించుకోమన్నాను. వినేలా లేడు.