అట్లాంటా ఓటు, ఫ్రిస్కో ఓటు: అమెరికా అధ్యక్ష ఎన్నికకు ఏ పద్ధతి మేలు?

మా పెద్దమ్మ మనవలిద్దరూ అమెరికా పౌరులయ్యారు. పెద్దవాడు జార్జియా రాష్ట్రంలో అట్లాంటా శివారున ఉంటాడు, చిన్నవాడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. 2024 అక్టోబరులో పెద్దవాడికి ఊపిరాడలేదు. తపాలా పెట్టె నిండా కరపత్రాలు, అన్నానికి కూర్చుంటే ఫోన్లు, ఆదివారం పొద్దున్నే తలుపు తట్టే కార్యకర్తలు. చిన్నవాడికి సెనేట్ అభ్యర్థుల కాగితాలు వచ్చాయి గానీ, అధ్యక్ష పదవి కోసం పోటీపడేవాళ్లు మాత్రం వాడి వీధి వైపు కన్నెత్తి చూడలేదు. వాడు ఎటు ఓటేసినా టెక్సస్ రిపబ్లికన్లదేనని వాళ్లకు ముందే తెలుసు.

రెండు వందల ఏళ్లు దాటిన ఎలక్టోరల్ కాలేజీని, అంటే రాష్ట్రాల వారీగా ఎంపికైన ఎలక్టర్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతిని, మార్చాలా వద్దా అన్న గొడవకు మూలం ఇదే. మొత్తం ఎలక్టర్లు 538 మంది, గెలుపుకు 270 కావాలి. ప్రతి రాష్ట్రానికీ ప్రతినిధుల సభలో ఉన్న స్థానాలకు రెండు సెనేట్ స్థానాలు కలిపి అంతమంది ఎలక్టర్లు. రాజధాని వాషింగ్టన్‌కు ముగ్గురు. ఈ రెండేసి కలపడం వల్లే వ్యోమింగ్‌లో 1.92 లక్షల జనాభాకు ఒక ఎలక్టరు ఉంటే, కాలిఫోర్నియాలో 7.3 లక్షలకు ఒకరు ఉన్నారు. విమర్శకులు ముందుగా చూపించేది ఈ లెక్కే. నాకు మాత్రం అసలు దోషి అది కాదనిపిస్తుంది. ఆ రెండేసి తీసేసినా, దేశం మొత్తం మీద తక్కువ ఓట్లు వచ్చిన ట్రంపే 2016లో గెలిచేవారు. 2000లో మాత్రం ఫలితం బుష్ నుంచి, ఎక్కువ ఓట్లు వచ్చిన అల్ గోర్ వైపు తిరిగేది.

అసలు దోషి గంపగుత్త పద్ధతి. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా అక్కడి ఎలక్టర్లందరూ గెలిచినవారికే. మన రాష్ట్రపతి ఎన్నికతో పోల్చి చూడండి. అదీ పరోక్షమే, పైగా 1971 జనాభా లెక్కలతో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. కానీ ఎవరి ఓటు వారిదే. ఒక అభ్యర్థికి 88 మంది, ఇంకొకరికి 87 మంది వేశారని మొత్తం 175 ఓట్లూ మొదటివారి ఖాతాలో వేస్తామంటే అమరావతిలో ఎవరైనా ఊరుకుంటారా? జార్జియాలో జరిగేది సరిగ్గా అదే. పైగా ఈ గంపగుత్త అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఎలక్టర్లను ఎలా ఎంపిక చేయాలో రాష్ట్రాల చట్టసభల ఇష్టం. 1800లో తమ రాష్ట్రంవాడైన జెఫర్సన్‌కు ఓటు చీలకూడదని వర్జీనియా ఈ దారి పట్టింది, తర్వాత ఒకరిని చూసి ఒకరు పట్టారు.

మరి దీని బదులు ఏది?

మెయిన్, నెబ్రాస్కాలు నియోజకవర్గాల వారీగా పంచుతాయి. చూడముచ్చటైన పద్ధతి. నెబ్రాస్కా మొత్తం రిపబ్లికన్లదైనా, ఒమాహా నగరమున్న రెండో నియోజకవర్గం 2024లో డెమొక్రాట్ అభ్యర్థి కమలా హారిస్‌కు ఒక ఎలక్టరును ఇచ్చింది. ఆ శరదృతువులో అక్కడి ఇళ్ల ముందు తెల్ల పలకలు వెలిశాయి, మధ్యలో డెమొక్రాట్ల రంగైన నీలం చుక్క. పేరు లేదు, పార్టీ లేదు, నినాదం లేదు. రిపబ్లికన్ల ఎర్రటి రాష్ట్రంలో మేమూ ఉన్నామని చెప్పే బొట్టు అంతే. ఎన్నికకు కొన్ని వారాల ముందు ఆ ఒక్క ఓటు కోసం రిపబ్లికన్లు రాష్ట్ర చట్టాన్నే మార్చబోయారు, ఒక రాష్ట్ర సెనేటరు ఒప్పుకోకపోవడంతో ఆగింది. ఒమాహాలో ముచ్చటగా ఉన్నది దేశమంతా పెడితే మాత్రం చేదవుతుంది. నియోజకవర్గాల గీతలు గీసేది చాలా రాష్ట్రాల్లో పార్టీలే కదా. 2012లో దేశమంతటా ఈ పద్ధతి ఉండి ఉంటే, ఒబామా కన్నా దాదాపు 50 లక్షల ఓట్లు తక్కువ తెచ్చుకున్న రిపబ్లికన్ రామ్నీ 274-264తో అధ్యక్షుడయ్యేవారు. ఉన్నదాని కన్నా ఇదే అధ్వానం.

ఓట్ల నిష్పత్తిలో ఎలక్టర్లను పంచడం ఇంకో దారి. న్యాయంగానే ఉంటుంది, కాలిఫోర్నియా రిపబ్లికన్లకూ టెక్సస్ డెమొక్రాట్లకూ వాటా దక్కుతుంది. చిక్కల్లా 270 దగ్గరే. 1992లో గెలిచిన క్లింటన్‌కు వచ్చింది 43 శాతం. మూడో అభ్యర్థి రాస్ పెరోకు 19 శాతం వచ్చినా ఎలక్టరు ఒక్కరూ దక్కలేదు. నిష్పత్తి ప్రకారం పంచి ఉంటే ఎవరికీ 270 వచ్చేవి కావు. అప్పుడు ఎన్నిక ప్రతినిధుల సభకు పోతుంది, అక్కడ రాష్ట్రానికి ఒకే ఓటు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన 52 మందికీ కలిపి ఒకటి, వ్యోమింగ్ నుంచి వచ్చిన ఒక్కరికీ ఒకటి. ఆ నిబంధనను కూడా మార్చకుండా దీని జోలికి పోతే పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టే.

ఇక నేరుగా దేశం మొత్తం ఓట్లు లెక్కపెట్టి ఎక్కువ వచ్చినవారిని గెలిపించడం. దీనికి ఎదురయ్యే వాదనల్లో చిన్న రాష్ట్రాలు నష్టపోతాయన్నది నన్ను కదిలించదు. ఇప్పుడు మాత్రం వ్యోమింగ్‌కు ప్రచారానికి ఎవరు వెళుతున్నారు? 2024 పోరంతా ఏడు రాష్ట్రాల్లోనే నడిచింది. తిరిగి లెక్కింపు భయం మాత్రం ఆలోచించాల్సిందే. 2000లో ఫలితాన్ని తేల్చిన ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు. చిల్లు సరిగా పడని ఓటు కార్డును ఒక న్యాయమూర్తి దీపం వైపు ఎత్తి, కళ్లు పెద్దవి చేసి, భూతద్దంతో పరీక్షించిన ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పని దేశంలోని అన్ని కౌంటీల్లో చేయాల్సి వస్తే? 1960లో కెనెడీ, నిక్సన్‌ల మధ్య దేశం మొత్తం మీద తేడా లక్షా పన్నెండు వేలు మాత్రమే. అయినా అలాంటిది ఎప్పుడో ఒకసారి. గంపగుత్తలోనైతే ప్రతిసారీ ఏదో ఒక రాష్ట్రం అంచు మీద వేలాడుతుంది. 2020లో బైడెన్ 70 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచినా, అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో ఆయన ఆధిక్యాలన్నీ కలిపితే 43 వేలు. ఆ మూడూ ట్రంప్ వైపు తిరిగి ఉంటే 269-269.

అందుకే నా ఓటు ప్రత్యక్ష ఎన్నికకే. ఎవరికీ సగం రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోలింగ్ కూడా ఉండాలి.

అయితే రాజ్యాంగ సవరణకు రెండు సభల్లో మూడింట రెండు వంతులు, ఆపైన 38 రాష్ట్రాలు కావాలి. 1969లో ప్రతినిధుల సభ భారీ మెజారిటీతో ఒప్పుకుంటే, మరుసటి ఏడాది సెనేట్‌లో దక్షిణాది సభ్యులు, కొన్ని చిన్న రాష్ట్రాలవారు చర్చను సాగదీసి చంపేశారు. అందుకే పక్కదారిగా రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటున్నాయి: సంతకం చేసినవాళ్ల బలం 270కి చేరిన రోజు నుంచి తమ ఎలక్టర్లను దేశంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికే ఇస్తాయి. 2024లో మెయిన్ చేరేసరికి 209 అయింది. కానీ చేరినవన్నీ డెమొక్రాట్ల ప్రాబల్యమున్న రాష్ట్రాలే. చట్టసభ చేతులు మారితే సంతకం వెనక్కి తీసుకోవచ్చు, కోర్టు గండం ఎలాగూ ఉంది.

రిపబ్లికన్లు ఎలక్టోరల్ కాలేజీని తమ కంచుకోట అనుకోవడం మాత్రం పొరపాటు లెక్క. 2004లో బుష్ 30 లక్షల ఆధిక్యంలో ఉండగా, ఒహాయోలో లక్షా పద్దెనిమిది వేల తేడా డెమొక్రాట్ కెర్రీ వైపు తిరిగి ఉంటే కెర్రీయే అధ్యక్షుడు. 2024లోనూ పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్‌లలో ట్రంప్ ఆధిక్యాలు మూడూ కలిపి సుమారు 2.3 లక్షలే. అవి తిరగబడి ఉంటే, దేశం మొత్తం మీద దాదాపు 23 లక్షల ఓట్లు వెనకబడిన హారిస్ సరిగ్గా 270తో గెలిచేవారు. అదే జరిగి ఉంటే ఫ్రిస్కోలో మా చిన్నవాడి వీధివాళ్లు ఆ ఒప్పందం మీద సంతకం పెట్టమని రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో చట్టసభ ముందు నిలబడి ఉండేవారు.