మోచే కూజాల ముఖాలు: లిమా నుంచి త్రుహియో దాకా

పెరూ రాజధాని లిమాలోని లార్కో మ్యూజియానికి ఒక పూట చాలనుకున్నాం. ప్రదర్శన గదులు చూడడం గంటన్నరలో అయిపోయింది గానీ, మిగిలిన రోజంతా వాళ్ల భాండారమే తినేసింది. చాలా మ్యూజియాలు తాళం వేసి దాచుకునే సరుకును ఇక్కడ అందరినీ చూడనిస్తారు. అల్మారాల నిండా వేల మట్టి పాత్రలు. వాటిలో వరుసగా మనుషుల తలలు.

ఇవి పెరూ ఉత్తర తీరంలో సుమారు క్రీ.శ. 100–800 మధ్య వర్ధిల్లిన మోచే ప్రజలవి. తలే కూజా. పైన గుర్రపు రికాబులా వంగిన గొట్టం, దాని నడుమ నుంచి లేచిన మూతి. వాళ్లకు కుమ్మరి సారె తెలియదు. రెండు ముక్కల అచ్చులో మట్టి అదిమి, అతికి, ఎర్రని, మీగడ రంగు మట్టిపూతలు పూశారు. అచ్చు బొమ్మలంటే అన్నీ ఒకేలా ఉంటాయనుకున్న నాకు అక్కడే చుక్కెదురైంది. ఒకాయన నవ్వు ఆపుకుంటున్నట్టున్నాడు, పక్కాయన అప్పిచ్చి మోసపోయినవాడిలా చూస్తున్నాడు. పెదవి మీద గాటున్న ఒక మనిషినైతే పరిశోధకులు బాల్యంలోనూ, పెద్దయ్యాకా వేర్వేరు కూజాల మీద గుర్తుపట్టారు. టికెట్ ఖరీదే, అయినా నాకు బాధ లేదు. తోటలో కాగితం పూలు విరగబూసి ఉన్నాయి.

మోచేల గుడి చూడడానికి ఉత్తర తీరంలోని త్రుహియో నగరానికి రాత్రి బస్సు ఎక్కాం. పూర్తిగా వాలే సీటని అమ్మారు, సగమే వాలింది. పైగా ఏసీ చలి. దుప్పటి వెంట తీసుకెళ్లండి.

బస ఊళ్లో కాక, సముద్రం ఒడ్డున ఉన్న వాంచాకోలో తీసుకున్నాం. మంచి పనే చేశాం. గది చిన్నది, వేడినీళ్లు వచ్చినప్పుడే వచ్చినట్టు. కానీ పొద్దున్నే కిటికీలోంచి జాలరుల రెల్లు పడవలు కనిపించేవి. శాకాహారులకు అన్నం, చిక్కుడు గింజలు, వేయించిన అరటి దొరుకుతాయి.

వాకా దె లా లూనా అనే ఆ మోచే గుడిని గైడు వెంటే చూడాలి. పచ్చి ఇటుకల గోడల మీద రంగుల దేవుడి ముఖం కోరలతో గుడ్లురుముతుంది. లిమాలో చూసిన మామూలు ముఖాలు ఏ దేవుడికి మొక్కాయో ఇక్కడ తెలుస్తుంది. కాబట్టి ముందు లిమా, తర్వాత ఇది. దగ్గర్లోని చాన్ చాన్ శిథిలాలు పెద్దవే గానీ, అది తర్వాతి చిమూ వాళ్ల నగరం. ముఖాల కోసమే వెళ్లేవారు దాన్ని వదిలేయవచ్చు.

నకలు కూజా ఒకటి కొన్నాను. కొంటే బిల్లు దాచుకోండి. అసలు పురావస్తువును దేశం దాటించడం అక్కడ నేరం.