పికప్ బండికి ఇంజిన్ ఆయిల్: వాకిట్లోనా, ఆటోనగర్‌లోనా, కంపెనీ సర్వీస్‌లోనా?

టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి బండిని సొంతంగా నడుపుకునేవాళ్లకు ఆయిల్ మార్చే దగ్గర మూడు దారులున్నాయి. వాకిట్లో మనమే మార్చుకోవచ్చు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట తెలిసిన మెకానిక్‌కి ఇవ్వొచ్చు, కంపెనీ సర్వీస్‌కి తోలొచ్చు. పది టైర్ల లారీని ఈ లెక్కలో కలపొద్దు. దాని చాంబర్‌లోంచి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దిగే ఆయిల్‌కి ఇంట్లో బకెట్లు చాలవు.

వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీసే మేలు. రేపు ఇంజిన్‌కి ఏదైనా అయితే ముందు అడిగేది సర్వీస్ రికార్డే. ఫ్రీ సర్వీస్ అన్నా ఫ్రీ అయ్యేది లేబరే, ఆయిల్, ఫిల్టర్ డబ్బులు మనవే. పొద్దున వదిలిన బండి సాయంత్రానికి గానీ చేతికి రాకపోతే ఆ రోజు కిరాయి కూడా ఖర్చులో వేసుకోవాల్సిందే.

వారంటీ దాటాక పోటీ ఇంటికీ మెకానిక్‌కీ మధ్యే. లేబర్ మిగులుతుందని ఇంట్లో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ గానీ, ఆ మిగిలేది పెద్ద మొత్తమేం కాదు. అసలు లాభం వేరే ఉంది: ఇంజిన్‌లోకి ఏ ఆయిల్ వెళ్లిందో మనకు ఖాయంగా తెలుస్తుంది. ఖాళీ డబ్బాల్లో నాసిరకం ఆయిల్ నింపి అమ్మే దందా ఉంది కాబట్టే, వాడేసిన డబ్బాని కోసి పారేయమంటారు. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ ఏ గ్రేడో ఎవరు చెప్పగలరు?

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యం మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) బళ్లకు ఇది ఇంకా ముఖ్యం. డీజిల్ బళ్లలో చాలావాటికి సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసిని బండే కాల్చేసుకుంటుంది. ఆయిల్ నుంచి వచ్చే బూడిద మాత్రం కాలదు, పేరుకుపోతుంది. అందుకే ఈ బళ్లకు బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి, డబ్బా మీద ఏపీఐ సీకే-4 అని ఉండే నాణ్యత గ్రేడ్ అలాంటిదే. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని చూసి కొనేస్తే సరిపోదు, ఆ నంబర్ చెప్పేది చిక్కదనం ఒక్కటే. ఏ గ్రేడ్, ఎన్ని లీటర్లు అన్నది బండి మాన్యువల్లోనే చూడాలి.

ఇంట్లో పని కష్టం కాదు గానీ ఓపిక కావాలి. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు జాకీ అక్కర్లేదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ఇంజిన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు దించితే ఆయిల్ బాగా జారుతుంది, మరీ కాగి ఉంటే చెయ్యి కాలుతుంది. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేయాలి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోతుంటుంది. దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిల్ కారిపోతుంది. స్టార్ట్ చేసి లీకు చూసుకుని, ఆపి, కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) చూడాలి. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ త్వరగానే నల్లబడుతుంది, దానికి టెన్షన్ వద్దు. కానీ పాలలా తెల్లబడినా, పోసినదానికన్నా మట్టం పెరిగినా మెకానిక్‌కి చూపించాల్సిందే.

మెకానిక్ బలం అనుభవం. బండి కింద ఉన్నప్పుడే కారుతున్న సీలు, చిరిగిన రబ్బరు తొడుగు (బూటు) అతని కంట పడతాయి, మనకు పడవు. తొందరలో బోల్టుని అతిగా బిగించి చాంబర్ మరలు పాడుచేసేవాళ్లూ ఉన్నారు, కాబట్టి మనిషిని చూసి ఇవ్వాలి. పాత ఆయిల్ పీడా అక్కడ ఉండదు, కొనేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. చట్టం లెక్కలో అది ప్రమాదకర వ్యర్థం, మురుక్కాలవలో పోయకూడదు. ఇంట్లో మార్చినా డబ్బాలో పట్టి ఏ మెకానిక్ షెడ్డుకో ఇచ్చేయడం నయం.

నన్నడిగితే, పాత బీఎస్-3, బీఎస్-4 బండి, చదునైన చోటు, కాస్త తీరిక ఉన్నవాళ్లకు వాకిలే మేలు. బీఎస్-6 బండైతే, లేదా వీధిలో ఆపుకునేవాళ్లైతే, ఆయిల్, ఫిల్టర్, వాషర్ బిల్లుతో మనమే కొని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, డబ్బా సీలు మన ముందే తీయించాలి. కొన్ని బళ్లలో సర్వీస్ గుర్తుచేసే లైటు ఆపడానికి స్కానర్ కావాలి. అది ఆ షెడ్డులో ఉందో లేదో ముందే కనుక్కోండి.